కిటికీ పక్క మంచం

ఎర్రగుట్టపల్లె, డోన్ తాలూకా
12 జనవరి 1957

కడప జైలు ఆసుపత్రి నర్సమ్మ జ్ఞానమణి గారికి, తమరి వార్డులో ఒక నెల మంచం మీద, మిగతా శిక్షంతా చీపురు పట్టుకొని గడిపిన బొజ్జన్న దండం పెట్టి రాసుకునేదేమంటే, ఈడ మేమంతా క్షేమం, నా కుడికాలు తప్ప.

నాకు పలక ఇచ్చి అక్షరాలు దిద్దించింది మీరే. కాబట్టి ఇందులో తప్పులుంటే నన్ను తిట్టొద్దండి.

తుమ్మముల్లు దిగిన పుండును మీరు మాన్పి పంపితిరి గదా. ఇంటికొచ్చినంక మూడు నెలలు బాగుండె. కందికోతలప్పుడు మల్ల నోరు తెరిచింది. డోన్‌లో డాక్టరుకు చూపిస్తి. ఇట్లే నడుస్తాంటే పాదం తీసేయాల్సొస్తాదని చెప్పినాడు. పాదం లేకుండా మడక పట్టి ఎట్ల దున్నేది నేను? ఆ మాట విన్నప్పట్నించీ అన్నం దిగడంలేదు.

మీ వార్డే గుర్తొస్తాండాది. పొద్దున్నే ఊదారంగు నీళ్ళతో కాలు కడిగేది, పాలు ఇచ్చేది, మీరు తలుపుకాడ నుంచే "బొజ్జన్నా, కాలు కింద పెట్టినావా?" అని కేకేసేది. మా అమ్మ పోయినంక నా కాలు గురించి అడిగినోళ్ళు మీరొక్కరే. ఆ నీళ్ళ మందు పేరు రొంత రాసి పంపండి.

ఇట్లు,
మీ 214 నంబరు, బొజ్జన్న

తా.క. గట్టు తగాదాలో నేను పారతో కొట్టిన మా దాయాది హనుమన్న రోజూ వచ్చి నా కాలు చూసి పోతాండాడు. మీరు నేర్పిన కట్టే ఆయప్ప వీపు మీద గడ్డకు కడితి. అప్పట్నించీ మంచోడైనాడు.


జైలు ఆసుపత్రి, కడప
20 జనవరి 1957

బొజ్జన్నకు, నీ కాలు తప్ప తక్కినవన్నీ క్షేమంగా ఉన్నందుకు సంతోషిస్తూ జ్ఞానమణి వ్రాయునది.

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. మంచాల మీదివాళ్ళు లేచి కూర్చున్నారు. కోయిలకుంట్లలో బడిపంతులుగా ఉన్న మా అన్న ఏసన్న ప్రతి పండక్కీ నన్ను ఒకే ప్రశ్న అడుగుతాడు: "పదకొండేళ్ళు జైల్లో కట్లు కట్టి ఏం సంపాదించావమ్మా?" ఈసారి నీ ఉత్తరం చూపిస్తాను. వేలిముద్ర వేసి లోపలికి వచ్చినవాడు ఉత్తరమంతా సొంతంగా రాశాడంటే, పంతులైనా నోరు మూసుకోవలసిందే.

ఇక నీ పుండు సంగతి. ఆ ఊదారంగు నీళ్ళు ఏ మందుల షాపులోనైనా దొరికే పొడి కలిపినవే. నిన్ను బాగుచేసింది అవి కాదు. నెల రోజులు నేను నిన్ను మంచం దిగనివ్వలేదు, అదీ మందు. కాబట్టి ఇప్పుడు ఇంట్లోనే జైల్లో ఉన్నట్టు ఉండు. నెల రోజులు మంచం మీదే, పూటపూటా పాలు, కాలు కింద పెట్టకుండా పక్కన ఎవరో ఒకరు కాపలా. పాదం దక్కాలంటే ఇంతకన్నా వేరే దారి లేదు.

నీ మేలు కోరే,
జ్ఞానమణి

తా.క. నీ తర్వాత వచ్చిన రోగి థర్మామీటరును కొరికేశాడు. నువ్వు దాన్ని చంకలో పెట్టుకుని కళ్ళు మూసుకుని దండం పెట్టేవాడివి. అదే నయం.


ఎర్రగుట్టపల్లె
2 ఫిబ్రవరి 1957

నర్సమ్మ గారికి, మంచం మీద ఒక్క పూట ఉండి దిగిపోయిన బొజ్జన్న భయంతో రాసుకునేదేమంటే.

మీరు చెప్పినట్లే చేస్తి. వాకిట్లో నులకమంచం వేసుకోని పడుకుంటి. నా పెండ్లాం గిడ్డమ్మ వచ్చి, "పొద్దెక్కినంక మగోడు పడుకుంటే ఊర్లో ఏమనుకుంటారప్పా? నేను యానాడైనా పడుకుంటినా?" అనె. నర్సమ్మ రాసిందంటే, "ఆయమ్మ వచ్చి జొన్న కోస్తాదా?" అనె. కాపలాకు మా అత్తను కూర్చోబెడితి, ఆయమ్మ నా కంటే ముందే నిద్రపోయె. పాలేమో టీ అంగడికి పోతాయి. మధ్యాన్నం ఎద్దు తాడు తెంపుకునె. దిగి ఉరికితి. పుండు మల్ల పగిలె.

అప్పుడు మీ ఉత్తరం తీసి నాలుగుసార్లు చదివితి. జైల్లో ఉన్నట్టు ఉండు, వేరే దారి లేదు అంటిరి. గుట్టుగా చెప్పినారు, నాకు తెలిసింది. మాలాంటోళ్ళను నెల దినాలు మంచం మీద కూర్చోబెట్టి, పాలిచ్చి, కాపలా పెట్టేది సర్కారు ఒక్కటే, అదీ జైల్లోనే. కాబట్టి ఇది ఒక్కటి చెప్పండి. సరిగ్గా నెల పడాలంటే ఏం తప్పు చేయాల? రెండు నెలలైతే వద్దు, ఉగాదికి ఇంట్లో ఉండాల.

ఇట్లు,
మీ 214 (ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చింటే ఏదో ఒకటి)

తా.క. ఎవురికీ దెబ్బ తగలని తప్పయితే మేలు. పోయినసారి మంచి పార విరిగిపోయె.


జైలు ఆసుపత్రి, కడప
10 ఫిబ్రవరి 1957

బొజ్జన్నకు, నీ ఉత్తరం చదివి రెండుసార్లు మంచినీళ్ళు తాగిన జ్ఞానమణి వ్రాయునది.

నేను అలాంటి మాట అనలేదు. గుట్టుగానూ అనలేదు, బాహాటంగానూ అనలేదు. ఏ తప్పూ చెయ్యకు. చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు. నిన్ను విడుదల చేసిన రోజు గుర్తుందా? ఎవరూ చెప్పకుండానే వార్డంతా ఊడ్చి, నీ మంచానికి దండం పెట్టి, "మల్ల రాను తల్లీ" అన్నావు. గేటు మూసుకున్నాక నేను చాటుకు వెళ్ళి ఏడ్చాను. బయటికి వెళ్ళినవాడు తిరిగి రాకపోవడమే మాలాంటివాళ్ళకు దక్కేది. దాన్ని పాడుచెయ్యకు.

నీ కాలి కోసం నేనొక ఏర్పాటు చేస్తున్నాను. పైనుంచి ఉత్తర్వు రావాలి. అది చేతికందేదాకా ఎవరికీ చెప్పకూడదు, నీకు కూడా ఇంతకన్నా చెప్పలేను. మంచం మాత్రం తప్పకుండా ఉంటుంది. కిటికీ పక్కనే వేయిస్తాను. అంతవరకు ఓపిక పట్టు.

నీ మేలు కోరే,
జ్ఞానమణి

తా.క. ఈ ఉత్తరం చదివి చింపెయ్.


ఎర్రగుట్టపల్లె
27 ఫిబ్రవరి 1957

నర్సమ్మ గారికి, మీ మనసులో మాట అర్థం చేసుకున్న బొజ్జన్న దండాలు.

తప్పు చేయొద్దని మీరు అంత గట్టిగా ఎందుకు రాసినారో నాకు తెలుసు. జైలు ఉత్తరాలు పెద్దదొర చదివినంకనే బయటికొస్తాయి గదా. చింపమంటిరి, చింపితి. కిటికీ పక్క మంచం అని రాసిన ముక్క మాత్రం దాచుకుంటి. లోపల మీరు మంచం వేయిస్తాండారు, బయట నా పని నేను చేయాల గదా.

మొదట హనుమన్న కాడికి పోతి. "అప్పా, నిన్ను రొంత నెడతా, కేసు పెట్టు" అంటి. "నా వీపు బాగు చేసినోని మీద కేసా? పోప్పా" అనె. పోయినసారి అడక్కుండానే పెట్టినోడు, ఈసారి కాళ్ళు పట్టుకున్నా పెట్టడంలేదు. స్టేషనుకు పోయి ఎస్సయ్యకు చెప్పుకుంటి. ఆయన కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించి, బండిలో ఇంటికి పంపె.

అప్పుడు బుద్ధి పుట్టె. డోన్‌లో ఇన్ని రైళ్ళుండాయి. టికెట్టు లేకుండా కడప రైలు ఎక్కితే, పట్టుకుంటే నెల, పట్టుకోకపోయినా కడపలో దిగుతా. మొన్న ఎక్కితి. టికెట్టు కలెక్టరు నా కట్టు చూసి, కాలు చాపుకోమని సీటంతా ఇచ్చి, తన మూటలోని రొట్టె పెట్టి, గుత్తిలో దింపి డోన్ రైలెక్కించె. ఇంత మంచోళ్ళుంటే పేదోడు జైలుకు ఎట్ల పోయేది?

దిగులు పడొద్దండి. వచ్చే వారం మల్ల పోతాండా.

ఇట్లు,
మీ బొజ్జన్న

తా.క. గిడ్డమ్మకు తెలీదు. ఎద్దుల సంతకు పోతాండానని చెప్తి. మంచానికి నల్లులుంటే ముందే ఎండలో వేయించండి.


కడప జైలు
12 మార్చి 1957

నర్సమ్మ గారికి, నేను వచ్చినా. మీరు యాడ ఉండారు?

ఈసారి దొరలు కూర్చునే మెత్తసీటు పెట్టెలో కూర్చుంటి. కడప స్టేషన్లో పట్టుకునిరి. మేజిస్ట్రేటు నా కాలు చూసి, "పోవయ్యా, ఇంకెప్పుడూ ఇట్ల చేయొద్దు" అనె. నేను పోను అంటి. జుల్మానా కట్టు అనె. అదీ కట్టను అంటి. ఆయనకు కోపమొచ్చి సరిగ్గా నెల వేసె. ఆ దొర పిల్లాపాపలు చల్లగుండాల.

గేటుకాడ వార్డరు, "మల్ల వచ్చినావా బొజ్జన్నా?" అని నవ్వె. నేను కుంటుకుంటా వార్డుకు ఉరికితి. తలుపుకాడ మీరు లేరు. మీసాలాయన ఒకాయన ఉండె, గోపన్న అంట. నర్సమ్మ అడిగి మరీ బదిలీ చేయించుకోని పోయిందంటాడు. యాడికో ఆయప్పకు తెలీదు. ఆఫీసులో ఈ ఉత్తరం మీకు పంపుతామన్యారు.

మంచం మాట ఇచ్చి మీరే పోతిరి. శానా బాధైంది. మొదటి దినం పాలు కూడా తాగలేదు. రెండో దినం తాగితి.

గోపన్న మంచోడే. కట్టు మాత్రం జొన్నమోపు కట్టినట్లు కడతాడు. మీరు ఎట్ల కట్టేవాళ్ళో నేను చూపిస్తి. ఇప్పుడు ఆయప్ప కడతాంటే పక్క మంచాల వాళ్ళు కూడా "అట్ల కాదు, నర్సమ్మ ఇట్ల తిప్పేది" అంటారు. కాలు కింద పెట్టనియ్యరు. పుండులో నీరు తగ్గింది. పాదం దక్కుతాదని డాక్టరు చెప్పినాడు. ఆ మాట మీ నోట వినాలని ఉండె.

ఇట్లు,
మీ 214, ఇప్పుడు 391

తా.క. కిటికీ పక్క మంచంలో హత్య కేసాయన ఉండె. అడిగితే వెంటనే లేచి ఇచ్చె, శానా మర్యాదస్తుడు.


సర్కారు ఆసుపత్రి, డోన్
19 మార్చి 1957

బొజ్జన్నకు, నీకోసమే ఇంత దూరం వచ్చి నిన్ను అందుకోలేకపోయిన జ్ఞానమణి వ్రాయునది.

పైన ఊరి పేరు చూశావుగా. మీ ఎర్రగుట్టపల్లెకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాను. ఇక్కడ ఎనిమిది మంచాలున్నా కనిపెట్టుకుని ఉండే నర్సు లేక రోగులను ఉంచుకోవడం లేదని విన్నాను. నువ్వు నెల రోజుల శిక్ష అడిగిన ఉత్తరం చదివిన సాయంత్రమే బదిలీకి అర్జీ పెట్టాను. నేను చెప్పిన ఉత్తర్వు అదే. కడప వార్డు వదిలేటప్పుడు ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి వచ్చాను. అయినా లోపల మంచం కోసం నువ్వు బయట తప్పు వెతుక్కుంటుంటే ఎలా ఉండను?

వచ్చిన రోజే కిటికీ పక్క మంచం కడిగించి, దుప్పటి పరిచి, నిన్ను తీసుకురమ్మని మీ ఇంటికి కబురు చేశాను. బండి వచ్చింది. అందులోంచి గిడ్డమ్మ దిగింది, చేతిలో కర్రతో. "ఎద్దుల సంతకని పోయినోడు మల్ల రాలేదు, మా ఆయప్పను యాడ దాచినావు?" అని నా మీదికి వచ్చింది. రెండడుగులు వేసి అక్కడే కూలబడింది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరం నూటమూడు. ఆ జ్వరంతోనే నాలుగు రోజులుగా జొన్న కోస్తోందట.

నీ మంచం మీద ఆమెనే పడుకోబెట్టాను, బొజ్జన్నా. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఉలిక్కిపడి లేచి, "ఎద్దులకు నీళ్ళు పెట్టల్యా" అంది. హనుమన్న పెడుతున్నాడని, మీ జొన్న కూడా అతనే కోస్తున్నాడని చెప్పాను. నమ్మలేదు. అతను వచ్చి తలుపు దగ్గర నిలబడి, "పడుకో వదినా" అన్నాక తల వాల్చింది. "పెండ్లయి ఇరవై ఏండ్లయింది, ఎండ పొద్దులో పడుకోవడం ఇదే" అని గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను నీ కాలి గురించి రెండు ఉత్తరాలు రాశాను. ఈమె ఎప్పుడు పడుకుంటుందని ఒక్కదాంట్లోనూ అడగలేదు.

నువ్వెక్కడున్నావో చెబితే చాలాసేపు నవ్వింది. "తెలివి లేదనుకుంటి, ఉండాది" అంది.

నిన్న మా అన్న చూడటానికి వచ్చి, అలవాటు ప్రకారం అదే ప్రశ్న వేశాడు. నీ ఉత్తరం ఇచ్చాను. నేను లేని వార్డులో నా కట్టు ఎలా కట్టాలో ఖైదీలు నేర్పిస్తున్న చోటు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కాలు కింద పెట్టకు.

నీ మేలు కోరే,
జ్ఞానమణి

తా.క. గిడ్డమ్మకు పలక ఇచ్చాను. ఇంకా అ, ఆ దగ్గరే ఉంది కాబట్టి నా చేత రాయిస్తోంది: "విడుదలైనంక టికెట్టు తీసుకోని రా. తీసుకోకపోయినా సరే, నాకేం తొందర లేదు."