దొర కుక్కకు కూడా రాయి ఉంది

నీ సమాధికి రాయి పెట్టలేదు, అన్నా. తప్పు మాదే. క్వారీలో బండ మీదపడి పోయావు. జీవితమంతా రాళ్లు కోసినవాడికే రాయి లేదు.

సమాధిరాళ్లు బిగించే పని మీద నన్ను ఇంగ్లండులో ఒక పల్లెకు పంపారు. ఆదివారం అక్కడి పాత కోట చూశాను. ఎప్పుడో చచ్చిన దొర కుక్కకు కూడా పేరు చెక్కిన రాయి ఉంది. చర్చి వెనక సమాధుల మీదేమో మన నల్లరాయి. ఒళ్లు మండి అవ్వకు ఫోన్ చేశాను.

“అన్నకు రాయి నేనే చెక్కుత అవ్వా.”

“రాయి కిందనే పాణం పాయె కద బిడ్డా! మళ్ల వాని మీద రాయేంది? జర గాలాడనియ్యి.”



రాయి కావాలా, వద్దా? నీకు అన్నం పెట్టే పెత్రామాసలోపు చెప్పు. నాకు కాదు, అవ్వ కలలోకి పోయి చెప్పు.