సంచి మీద పిల్ల

మీ పత్తిచేలు వదిలి ఎక్కడికీ వెళ్లని మీకు,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలో మిమ్మల్ని ఆ ఒక్క జిల్లా గురించే రాసే రచయిత్రి అని పక్కన పెట్టేశారట. నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ మధ్యాహ్నం, సత్తెనపల్లిలో మా ఇంటి పక్క షెడ్డులో మిర్చి తొడిమలు తీస్తున్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, మీరు రాసిన ఒక కథ తెలుగులో చెప్పాను.

పత్తి ఏరే తల్లి పొడవాటి సంచి భుజానికి తగిలించుకుని, దాని మీదే చంటిపిల్లను పడుకోబెట్టి, సాలు పొడుగునా ఈడ్చుకుపోతుంది కదా. కథ అక్కడికి రాగానే, వాళ్లలో మస్తాన్‌బీ చేతులు ఆగాయి.

"ఏరిన పత్తి వేసుకోడానికి మాకు నడుముకి ఒడి కట్టుకోడమే టీచరమ్మా. సంచైతే బాగుండేది. నా పిల్లని గట్టు మీద తుమ్మచెట్టు నీడన పడుకోబెట్టి పోయా. సాలు తిరిగొచ్చేసరికి నీడ జరిగిపోయింది. పిల్ల లేవలేదు."

ఆమె ముఖానికి కట్టుకున్న గుడ్డ పైకి లాక్కుని మళ్లీ పనిలో పడింది. కాసేపటికి అంది: "ఆ తల్లి అదృష్టవంతురాలని, రాసినావిడకి చెప్పమ్మా."

మీరేమో ఆ తల్లిని చూసి జాలిపడమని రాశారు. మీరు లేరని అనలేక, చెబుతానన్నాను.