తడి ఇసుక మీద వ్యాను

మే 12, 1957. ఓడరేవు. రాత్రి.

మా ఊరి కుందూ ఏట్లో తగ్గిన నీళ్ళు మళ్ళీ వానలకు గానీ రావు. సముద్రమూ అంతే అనుకున్నాను. గట్టిగా ఉందని తడి ఇసుక మీదే వ్యాను ఆపి, రాత్రికి అందులోనే అమ్మకు పడక వేశాను.

"పోటొచ్చుద్దయ్యా, పైకి తీయండి," అన్నాడు అక్కడి జాలరి ఒకడు.

"నీళ్ళు ఎనక్కి పోతాండాయి గదప్పా," అని నవ్వాను.

చీకటి పడేసరికి చక్రాలు ఇసుకలో కూరుకుని నీళ్ళలో మునిగాయి, వ్యాను కదల్లేదు. నడవలేని అమ్మను ఎత్తుకుని ఆ జాలరి గుడిసెకే చేర్చాను. ఇప్పుడు ఇంజను దాకా నీళ్ళే. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య ఆ వ్యాను తిరిగితేనే అన్నకు బతుకు. అడగకుండా తెచ్చాను. ఏ మొహం పెట్టుకుని...

ఇంజను మునిగిందని అమ్మకు ఇంకా చెప్పలేదు.

"పొద్దున్నే మళ్ళా వ్యాన్లో పండుకోని సముద్రం చూస్తానప్పా," అంది.

సరేనన్నాను.