గోడ మీద రాజేశం బిడ్డ పెళ్లి

నువైద్రాత్ క్యాంపు, బహ్రెయిన్
ఆదివారం

అక్కా,

నీ పాదాలకు మొక్కి రాస్తున్నాను. మా లక్ష్మి పెళ్లికి నాకు లీవు దొరకనప్పుడు బావ ఫోన్లో ఒక మాట ఇచ్చాడు, నీకు గుర్తుండే ఉంటుంది. "రంది పడకు బామ్మర్దీ, పెండ్లంత వీడియో తీపిచ్చి క్యాసెట్టు పంపుత" అన్నాడు. పంపాడు కూడా. నేను గది నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో ఆ క్యాసెట్టు పెట్టాను. బావ తమ్ముడి ఇంటి గృహప్రవేశం వచ్చింది. కొత్త క్యాసెట్టు ఎందుకు దండగని, నా బిడ్డ పెళ్లి మీదే దాన్ని తీయించాడు. చివర్లో రెండు నిమిషాలు చెరగకుండా మిగిలాయి. అందులో కనబడింది లక్ష్మి వీపు, నీ చెయ్యి. ఆ ఇంటిని ఇప్పుడు కూలగొట్టారట. పెళ్లి క్యాసెట్టు చెరగకుండా ఉండి ఉంటే దానికన్నా ఎక్కువ కాలం నిలిచేది.

నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మందులు వేళకు వేసుకుంటున్నావా? నేను బాగున్నాను, నా గురించి దిగులు వద్దు. మీనా సల్మాన్ గోదాములో కూర్చొని సామాన్ లెక్క రాసుకునే పని కాబట్టి ఎండ నన్నేమీ చేయదు. ఉక్క మాత్రం ఎవరినీ వదలదు. శ్రావణం వచ్చిందని ఊళ్లో మీరు వాన గురించి మాట్లాడుకుంటారు, ఇక్కడ స్నానం చేసి బయటికి వచ్చేసరికి మళ్లీ స్నానం చేసినట్టే ఉంటుంది. అయినా బాగున్నాను. షుగర్ కూడా అదుపులోనే ఉంది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకర్ పెడతావు, పక్కనుంచి బావ దగ్గుతాడు, నేను చెప్పాల్సింది మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను.

మా గదిలో రాజేశం అని మేస్త్రీ ఉన్నాడు. మొన్న శుక్రవారం అతని పెద్దబిడ్డ పెళ్లి. వీసా కాగితాలు రెన్యూవల్‌కు పోయి ఉన్నాయి. అవి చేతికి రాకముందే ఊరికి పోతే తిరిగి రాలేడు, రాకపోతే చిన్నబిడ్డ చదువు ఆగుతుంది. పెళ్లిని లైవ్‌లో పెడతామని ఫోటోల అతను చెప్పాడట. "ఫోన్ల సూస్తే బిడ్డ ఏలంత గూడ కనవడది అన్నా. గోడ మీద నిలువెత్తు సూడాలె" అన్నాడు రాజేశం. గదిలో వాళ్లంతా తలా కొంత వేసుకుని ప్రొజెక్టర్ కొందామన్నారు. పుస్తకాలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఎంచే పని నా మీద పెట్టారు.

జింజ్‌లో ఒక దుకాణానికి పోయాం. మొదట చూపించింది అరచేతిలో పట్టే డబ్బా. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఫుల్ హెచ్‌డీ అని ఉంది. నేను పెట్టె తిప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ఫుల్ హెచ్‌డీ బొమ్మను అది తీసుకుంటుందట, గోడ మీద వేసేటప్పుడు మాత్రం అందులో సగానికి సగం కూడా వెయ్యదట. అలాంటి మనుషులను నేను చాలామందిని చూశాను.

"గంత చిన్న అచ్చరాలు ఎట్ల సదువుతవన్నా?" అన్నాడు రాజేశం.

"పెద్ద అచ్చరాలు నమ్మే గిట్లైన" అన్నాను.

దుకాణం మలయాళీ లైట్లు ఆర్పబోతే వద్దన్నాను, షట్టర్ పూర్తిగా ఎత్తమన్నాను. "చాచా, ఇంత వెలుతురులో సినిమా ఎవరు చూస్తారు?" అని హిందీలో నవ్వాడు. సినిమా కాదు భాయ్, ముహూర్తం పొద్దునే అని చెప్పాను. అక్కడ పది దాటి యాభై నిమిషాలంటే ఇక్కడ ఎనిమిదీ ఇరవై. మేం పెళ్లి చూడాల్సిన మెస్ హాలుకు కిటికీలన్నీ తూర్పు వైపే. తర్వాత ఫోన్లో ఒక పట్టుచీరల వీడియో పెట్టించాను. చిన్న డబ్బాలో జరీ అంచు పసుపు గీత అయింది. ఇంకొకటి గోడకు ఆనించినంత దగ్గర పెడితే చాలు, ముందు ఎవరు నిలబడినా నీడ పడదు, అంచులో నెమళ్ల తురాయిలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ అది మా స్తోమతకు అందేది కాదు. చివరికి ఏదో ఆఫీసువాళ్లు వాడి అమ్మేసిన పాత మిషన్ తీసుకున్నాం. అసలైన ఫుల్ హెచ్‌డీ, లోపలి బల్బు ఎన్ని గంటలు వెలిగిందో కూడా అడిగి చూశాను. దానికి ఒకటే లోపం. హాలు వెనక పెట్టి తలల మీదుగా వెలుగు వెయ్యాలి. ముందు ఎవరు లేచినా నీడ పడుతుంది.

గురువారం గోడకు సున్నం వేశారు. కిటికీలకు కంబళ్లు కట్టారు. శుక్రవారం పొద్దున అందరూ ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. రాజేశం ఊరి నుంచి పంపిన పెళ్లి పంచె కట్టి, కండువా వేసుకున్నాడు. మెస్ బియ్యంలో పసుపు కలిపి అక్షింతలు చేశాం. బొమ్మ కొంత ఆలస్యంగా వస్తుంది కాబట్టి ముందే ఎవరూ ఊరి నుంచి కబురు చెప్పకుండా లైవ్ వచ్చే ఫోను తప్ప మిగతా ఫోన్లన్నీ ఆపించాను.

అక్కా, మిషన్ వెలిగించగానే గోడ లేకుండా పోయింది. పందిరి మా మెస్‌లోకి వచ్చింది. పిల్ల నిలువెత్తు, చేతి గోరింట, నుదుటి చెమట, బాసికం దారం. ఇన్నేళ్లు ఇన్ని పుస్తకాలు చదివిన నేను నోరు తెరిచి కూర్చున్నాను.

"అగో, మా సర్పంచు. పంక కిందనే కూసున్నడు సూడుండ్రి" అన్నాడు వాళ్ల ఊరి మల్లేశం. ఎవరో నోరు మూయించారు.

పీటల మీద రాజేశం తమ్ముడూ మరదలూ కూర్చొని పెళ్లికొడుకు కాళ్లు కడిగారు. రాజేశం కదలకుండా చూశాడు. పుస్తె కడుతుంటే అందరం లేచి అక్షింతలు వేశాం. తడి ఆరని సున్నానికి కొన్ని గింజలు అంటుకున్నాయి. రాజేశం ఒక్కడు గోడ దాకా నడిచాడు. నల్లగా నీడ పడి, పిల్ల మాయమైంది.

"మామా, జర పక్కకు జరుగు. పిల్ల కనవడ్తలేదు" అని మల్లేశం అరిచాడు.

రాజేశం పక్కకు జరిగాడు. నీడ వెళ్లి పిల్ల వెనకాల ఖాళీగా ఉన్న చోట నిలబడింది. తలపాగా లేదు, ముఖం లేదు, భుజాన కండువా మాత్రం ఉంది. అతను కూడా చూసుకున్నాడు. మెల్లగా చెయ్యి ఎత్తాడు. నీడ చెయ్యి పోయి బిడ్డ తల మీద ఆనింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తల వంచింది.

నేను ఎంచిన మిషన్‌కు ఉన్న లోపం అది, అక్కా. డబ్బులు ఎక్కువ పోసిన వాళ్లకు ఆ నీడ దొరకదు.

రాజేశం ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. లడ్డూల పళ్లెం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగాడు. "తిన్నరా? కడుపునిండ తిన్నరా? అన్నా, నువ్వు తిన్నవా?" అని పిల్ల తండ్రి అడిగినట్టే అందరినీ అడిగాడు. నేను రెండు తిన్నాను, షుగర్ సంగతి మళ్లీ చూసుకుంటాను.

ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే మామిడి తొక్కు పంపించు. సీసా మూత గట్టిగా బిగించు, పోయినసారి చొక్కాలన్నీ నూనె అయ్యాయి. పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలను అడిగానని చెప్పు. నీ తమ్ముడు నర్సయ్యను ఎప్పటిలాగే దీవించు.

పాతది వదిలెయ్యమని నువ్వు ఎప్పుడూ అంటావు. క్యాసెట్టు ఒక్కటే అయితే వదిలేసేవాణ్ణి. కానీ ఆనాడు నా గదిలో మిఠాయి పొట్లం విప్పకుండానే ఉండిపోయింది. గృహప్రవేశం చూసి ఒక్కొక్కరే లేచిపోయారు. నా బిడ్డ పెళ్లిలో నేను ఎవరినీ తిన్నరా అని అడగలేదు. ఇది బావ పక్కన కూర్చొని గట్టిగా చదువు. తమ్ముడికి ఇంకా ఎవరి మీద కోపం అని ఆయన అడిగితే, మొగుడి పేరు చెప్పకూడదని ఊరుకోకు. చెప్పు, భూమయ్య మీద.