గీత లెక్కలో తరుగు

నాగరాజప్పా, బాగుండావా? నువ్వు పైకి పోయినంక ఒక్క ముక్కా రాయలేదు, ఏమనుకోవద్దు. టమాటా మండీ ఊపిరి తీసుకోనీలేదు.

నీ కూతురు గీతకు లండన్‌లో సీటొచ్చిందప్పా. "సూడు మామా, ఏడాదికి సరిపోతాదా?" అని లెక్క రాసుకోని మదనపల్లెకొచ్చింది. ఉండే డబ్బులో ముందే నూటికి పది తరుగు తీసేసి, మిగిలినదాంట్లో ఫీజు, రూము, బస్సు, బియ్యం సర్దింది.

"తరుగేందమ్మా, ఇవేమన్నా టమాటాలా?" అని నవ్వినా.

"డబ్బు కూడా దారిలో కుళ్ళతాదంట మామా. నాయిన చెప్పినాడు."

తప్పు దొరికితే బాగుండని రెండుసార్లు కూడినా. దొరకలేదు. నా కొడుకు పక్క కుర్చీలోనే ఉండాడు, ఏ లెక్కా నన్నడగడు. నువ్వు లేకుండానే నీ బిడ్డకు నేర్పిస్తాండావు. నాకు కుళ్ళుగా ఉండాదప్పా.

ఎట్ల నేర్పినావో అడగాల. మనం కలిసేదెప్పుడు?