తెల్లవారితే మంగళవారం

ఏప్రిల్ 25, శుక్రవారం

నా పేరు శ్రీశైలమ్మ. డెబ్భై దాటాయి. యర్రగొండపాలెం అవతల మా పల్లె. ఇంట్లో నేను, కొడుకు గురవయ్య, కోడలు విజయ, గొర్రెల మంద. నాకు చదువు లేదు. నేను చెప్తుంటే విజయ రాస్తోంది, టెన్త్ పాస్. తిట్లు రాయనంది. తిట్లు తీసేస్తే అది నా మాట ఎట్లా అవుతుంది?

గురవయ్యను పోలీసులు పట్టుకెళ్లారు. మా పల్లెలోనే ఎర్రయ్య దొడ్లో మేకలు పోయాయి. చీకట్లో తలగుడ్డ చుట్టుకున్న మనిషిని చూసి గురవయ్యే అన్నాడట. తలగుడ్డ చుట్టని మగాడు మా పల్లెలో ఎవడు?

అదే రోజు, దీపాలు పెట్టాక

స్టేషన్లో ఎస్సై అడిగాడు, మంగళవారం రాత్రి రెండింటికి నీ కొడుకు నీ దగ్గరున్నాడా అని. లేడన్నాను. అబద్ధమెందుకు? మంగళవారం పొద్దున్నే బేరానికి కురిచేడు పోయి బుధవారం వచ్చాడు. సోమవారం రాత్రంతా నా పక్కనే ఉన్నాడు సారూ అన్నాను. సోమవారం సంగతి ఎవరడిగారవ్వా అన్నాడు. రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు.

ఇంటికొచ్చేదాకా విజయ నాకంటే ముందే నడిచింది.

ఏప్రిల్ 26

విజయ అడిగింది, అత్తా, నిజం చెప్పు, ఆయన ఆ రాత్రి యాడికి పోయినాడు అని. కురిచేడు అన్నాను. ఆయమ్మ పేరేంది అంది. చీపురు తీశాను. ఇది కూడా రాయి అన్నాను. రాసింది.

ఏప్రిల్ 27

కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని.

ఏప్రిల్ 28, సోమవారం

ఎర్రయ్య వాకిట్లో నిలబడి అరిచాను. ఏ రాత్రి పోయినాయిరా నీ మేకలు? సోమవారం, తెల్లవారితే మంగళవారం, కోడి ఇంకా కూయలేదత్తా అన్నాడు.

అక్కడే కూర్చున్నాను.

మరి మంగళవారమంటారేందిరా అన్నాను. పన్నెండు కొడితే రోజు మారుతుందంట, వాళ్లు అట్ల రాసుకున్నారు అన్నాడు. ఎవరికి మారింది? కోడి కూసేదాకా ఉన్న చీకటంతా మాకు ముందు రోజుదే. వాళ్లు ఒక రాత్రి అడిగారు, నేను ఇంకో రాత్రికి జవాబు చెప్పాను. నా నోటితోనే నా బిడ్డను లోపల ఉంచేశాను.

ఆ సోమవారం రాత్రి రైతు చంద్రశేఖరరావు చేలో మా మంద. ఎరువు కోసం రైతులు మందను రాత్రిపూట చేలో నిలుపుకుంటారు. ఎరువు చేనంతా పడాలంటే మధ్యలో గొర్రెలను లేపి పక్కకు జరపాలి. నేనూ మంద దగ్గరే పడుకున్నాను, జరిపింది గురవయ్యే. మోటారు కరెంటు ఆ వేళే వచ్చింది కాబట్టి చంద్రశేఖరరావు కూడా మేలుకునే ఉన్నాడు.

స్టేషనుకు రారా అన్నాను. కేసు పెట్టినోణ్ణి, నేనెట్ల వస్తానత్తా అన్నాడు ఎర్రయ్య. నువ్వు గురవయ్యను పట్టుకుని కూర్చో, దొంగ పొదిలి సంతలో నీ మేకలను అమ్ముకుంటాడు అన్నాను. చెప్పులు వెతుక్కున్నాడు.

ఏప్రిల్ 29

ఎస్సై నవ్వాడు, లేడన్నది నువ్వే గదవ్వా అని. నాయనా, రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఇంటికి పోతావు, ఎప్పుడు చేసినావురా డ్యూటీ అని మీ అమ్మ అడిగితే ఏం చెప్తావు అన్నాను. నిన్న రాత్రి అని చెప్తాం గద సార్ అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్. ఎస్సై వాడివైపు చూశాడు. నవ్వు పోయింది.

మాతో వచ్చిన చంద్రశేఖరరావు టెక్నికల్‌గా ట్యూస్‌డే అంటూ మొదలుపెట్టాడు. గురవయ్యను చూసినావా లేదా, అది చెప్పన్నా అన్నాను. చూసినా, రెండింటికి మందను జరుపుతా ఉన్నాడు అన్నాడు. నేను చూసింది తలగుడ్డనే, మొహం కాదు సార్ అన్నాడు ఎర్రయ్య.

కొత్త స్టేట్‌మెంట్ రాశారు. రెండుసార్లు చదివించుకున్నాకే వేలు పెట్టాను.

ఏప్రిల్ 30

గురవయ్య వచ్చాడు. ఇంట్లోకి రాకుండా మందలోకి పోయి కూర్చున్నాడు. విజయ అన్నం తీసుకుని పోయింది. ఇంకా రాలేదు. నేను పిలవలేదు.

ఇది రాస్తున్నది ఎర్రయ్య. వీడి రాత గొర్రె పెంటికల మాదిరి ఉందట. వీడే చెప్పాడు.

శ్రీశైలమ్మ వేలిముద్ర
సాక్షులు: చంద్రశేఖరరావు, మేకలు పోయిన ఎర్రయ్య