ఆకు చెత్త కాదు

అమ్మా, నేను బాగున్నాను, నువ్వు బెంగపడకు.

నేను అత్తయ్యకు ఎదురు చెప్పానని నీకు కబురందిందట. నిజమే, చెప్పాను. పాలు తగ్గాయని ఎర్రావును అమ్మేయడానికి మామయ్య బేరగాణ్ణి పిలిచారు. తగ్గవా మరి? ఎండిన లూసర్న్ గడ్డిని అత్తయ్య బాగా దులిపి, కాడలు ఆవుకు వేస్తారు. రాలిన ఆకును చెత్త అని ఊడ్చి పేడకుప్పలో పోస్తారు. పాలిచ్చే బలమంతా ఆ ఆకులోనే ఉందని నాన్న ఎప్పుడూ చెబుతారు కదా. బేరగాడు పలుపు విప్పబోతుంటే నేను కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆవును ఇవ్వం. ముందు ఆకు పెట్టి చూద్దాం" అన్నాను. నేను కదల్లేదు.

"మూగదాన్ని తెచ్చుకున్నామనుకున్నా, నోరు కూడా ఉందే దీనికి!" అన్నారు అత్తయ్య.

"ఆవుకీ ఉందత్తయ్యా, ఆ ఆకు దాని నోట్లో వేద్దాం" అన్నాను. మీ అల్లుడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. బేరగాడు ఉత్త చేతులతో పోయాడు.

ఇప్పుడు గడ్డి కింద పాత చీర పరిచి, రాలిన ఆకంతా పట్టి నేనే వేస్తున్నాను. పాలు ఇంకా పెరగలేదు. అయినా తప్పయిందని చెప్పను, చెప్పమని నువ్వూ రాయకు. ఆకు రాలకుండా గడ్డిని మంచు తడి ఉండగానే తిరగేయాలా? నాన్నను అడిగి రాయి. చీర చిరిగిపోతోంది, గోనెపట్టా ఒకటి పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా?

నాన్నకు, నానమ్మకు నా దండాలు. నాకు సర్దిచెప్పడానికి ఎవరూ రావద్దు. వస్తే పాలు తాగడానికి రండి.

నీ కూతురు